కొత్త వ్యానా, పాత వ్యానా: వ్యాన్ ఆగిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టండి

మీరు రాసిన దాన్నిబట్టి పరిస్థితి ఇది. రోజుకు సుమారు 90 కిలోమీటర్లు తిరిగి దుకాణాలకు సరుకు అందిస్తారు. ఉన్నది ఒక్కటే వ్యాన్, దాని పని అయిపోయింది. చేతిలో ఉన్న డబ్బుకు అయిదేళ్ల నాటి వ్యాన్ వస్తుంది. కొత్తది కావాలంటే ధరలో సగం అప్పు చేయాలి. కొత్త వ్యాన్ షోరూం గేటు దాటగానే విలువ పడిపోతుందని ఒకరు, పాత వ్యాన్ కొంటే మెకానిక్‌ను పోషించడమేనని మరొకరు మిమ్మల్ని భయపెట్టారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఆ నిజాలతో మాత్రం మీ నిర్ణయం తేలదు.

నేను మొదట వ్యాన్లు బాగుచేసేవాణ్ణి. తర్వాత ఒక సరుకు రవాణా సంస్థకు వ్యాన్లు కొనడం, నడిపించడం, ఎప్పుడు అమ్మేయాలో తేల్చడం నా పని అయింది. కొత్తదా పాతదా అని అడిగేవారిని నేను ముందు అడిగేది ఒకటే: మీ వ్యాన్ ఒక రోజు కదలకపోతే మీకు ఎంత పోతుంది?

ఈ అంకె వేయడానికి చాలామంది బద్ధకిస్తారు. ఆ రోజు రావలసిన ఆదాయం, అద్దె వ్యాన్ తెస్తే దాని ఖర్చు, మరమ్మతు చోట మీరు కూర్చునే సమయం, ఆలస్యానికి విసిగి ఆర్డరు వేరేవారికి ఇచ్చే దుకాణదారు, ఇవన్నీ అందులోకి వస్తాయి. చివరిది లెక్కకు దొరకదు కాబట్టి దాన్ని సున్నా అనుకుంటారు. నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే. వారానికి రెండు రోజులు వ్యాన్ తీసే వడ్రంగికి ఒక రోజు మరమ్మతు పెద్ద విషయం కాదు, మరునాడు వెళతాడు. మందులో, పూలో మోసే మనిషికి అదే ఒక్క రోజులో సరుకూ పోతుంది, ఖాతా కూడా పోతుంది. కాబట్టి వడ్రంగి స్నేహితుడు ఇచ్చే సలహా అతనికి సరైనదే కావచ్చు, మీకు పనికిరాకపోవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. కొత్త వ్యాన్ ధర 100 అనుకోండి. కింది అంకెలన్నీ లెక్క తీరు చూపడానికి నేను వేసుకున్నవి, మీ దగ్గర దొరికే అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. అయిదేళ్ల తర్వాత ఆ వ్యాన్ అమ్మితే 45 వస్తుందనుకుందాం, అంటే తరుగు 55. మీ చేతిలో 50 ఉంది, మిగతా 50 ఏడాదికి 10 శాతం వడ్డీతో అయిదేళ్ల నెలవారీ వాయిదాల మీద తెచ్చారు. మొత్తం వడ్డీ సుమారు 14 అవుతుంది. కొత్తదానికి బీమా ఎక్కువ కాబట్టి అయిదేళ్లలో ఆ తేడా 5, వారంటీ ముగిశాక వచ్చే మరమ్మతులు మరో 5. మొత్తం 79.

పాతది 45కు కొన్నారు. అయిదేళ్ల తర్వాత 18కి అమ్ముతారు, తరుగు 27. కొన్న వెంటనే టైర్లు, బెల్టు, ఆయిళ్లు, బ్రేకులు సరిచేయడానికి 5. మామూలు సర్వీసు రెండింటికీ ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి, అదనపు మరమ్మతులకు ఏడాదికి 5 చొప్పున 25. మొత్తం 57.

తేడా 22, అంటే ఏడాదికి 4.4. ఇక్కడిదాకా చూసి పాతదే లాభం అని లేచిపోతారు. ఆగండి. పాత వ్యాన్ కొత్తదానికంటే ఏడాదికి 8 రోజులు ఎక్కువ ఆగిందనుకుందాం. 4.4ను 8తో భాగిస్తే 0.55. అంటే వ్యాన్ ఆగిన ఒక్క రోజు మీకు కొత్త వ్యాన్ ధరలో అర శాతానికి మించి నష్టం తెస్తే, పాతదాని లాభం కరిగిపోయినట్లే. అంతకంటే తక్కువైతే పాతదే కొనండి, ఎవరేమన్నా పట్టించుకోనక్కర్లేదు. మీ పక్కనే నమ్మకమైన మెకానిక్ ఉండి, గంటలో అద్దె వ్యాన్ దొరికే వీలుంటే ఆ 8 రోజులు 3 అవుతాయి, లెక్క పాతదాని వైపు గట్టిగా వాలుతుంది. విడిభాగాలు వారాల తరబడి రాని మోడల్ కొంటే 8 కాస్తా 20 అవుతుంది. అందుకే పాత వ్యాన్‌లో మోడల్ ఎంపిక ధరకంటే ముఖ్యం. ఎక్కువమంది నడిపే మోడల్ తీసుకోండి. రోడ్డు మీద తరచుగా కనిపించేదానికి విడిభాగాలు దొరుకుతాయి, దాని జబ్బులు ప్రతి మెకానిక్‌కూ తెలిసి ఉంటాయి.

ఈ లెక్కలో మరో సంగతి దాగి ఉంది. రోజుకు 90 చొప్పున ఏడాదికి 300 రోజులంటే 27,000 కిలోమీటర్లు, అయిదేళ్లకు 1,35,000. ఇప్పటికే 1,40,000 తిరిగిన వ్యాన్ కొంటే మీరు అమ్మేనాటికి 2,75,000కు చేరుతుంది. సక్రమంగా చూసుకున్న డీజిల్ ఇంజనుకు అది అసాధ్యమేమీ కాదు. కానీ క్లచ్, టర్బో, ఇంజెక్టర్లు, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజను అదురును మింగే బరువైన చక్రం) వంటి ఖరీదైన భాగాలు సాధారణంగా మార్పుకు వచ్చేది ఆ మధ్య దూరంలోనే. మొదటి ఓనరు నడిపిన కిలోమీటర్లలో అవి అరిగాయి, బిల్లు మాత్రం మీకు వస్తుంది. ఏడాదికి 10,000 మాత్రమే తిరిగేవారు ఇదే వ్యాన్‌ను నిశ్చింతగా కొనవచ్చు. మీరు తిరిగే దూరానికి కాస్త లేత వ్యాన్ కావాలి.

అందుకే మీరు అడగని మూడో దారి ఒకటి చెబుతాను: రెండు, మూడేళ్ల వ్యాన్. విలువ అన్నిటికంటే వేగంగా పడేది మొదటి రెండు మూడేళ్లలో. ఆ దెబ్బ మొదటి ఓనరు తింటాడు. తయారీదారు వారంటీ కొంత మిగిలి ఉండే అవకాశం ఉంటుంది. ఉంటే అది కొత్త ఓనరుకు బదిలీ అవుతుందా, అందుకు సర్వీసులన్నీ గడువులో జరిగి ఉండాలా అన్నది కాగితం మీద చూసుకోండి. లీజు గడువు ముగిసి సంస్థలు వదిలించుకునే వ్యాన్లు ఎక్కువగా ఈ వయసువే. వాటికి కిలోమీటర్లు ఎక్కువ, సర్వీసు కాగితాలు మాత్రం సాధారణంగా శుభ్రంగా ఉంటాయి. పది మంది డ్రైవర్ల చేతులు మారి ఉంటుందన్నది దాని లోపం. పది చేతులు మారిన సంగతిని గేరు బాక్సు, క్లచ్, తలుపులు ముందు చెబుతాయి.

మూడేళ్లలో 1,20,000 తిరిగిన వ్యాన్, ఎనిమిదేళ్లలో 40,000 తిరిగిన వ్యాన్ పక్కపక్కన ఉంటే నేను మొదటిదాని వైపే నడుస్తాను. తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోవడం కొనేవారి పెద్ద బలహీనత. హైవే మీద ఇంజను వేడెక్కి ఒకే వేగంతో గంటల తరబడి తిరుగుతుంది, గేర్లు మార్చేది తక్కువ, బ్రేకు తొక్కేది తక్కువ. ఊళ్లో రెండు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్లీ స్టార్ట్ చేసే వ్యాన్ ఇంజను పూర్తిగా వేడెక్కదు. ఇంధనం, తేమ ఆయిల్‌లో కలుస్తాయి. బ్యాటరీ, స్టార్టర్, క్లచ్ ముందుగా పోతాయి. ఎనిమిదేళ్లు ఎక్కువగా కదలకుండా ఉన్నదానిలో రబ్బరు గొట్టాలు, బుష్‌లు, సీళ్లు, టైర్లు వయసుతోనే గట్టిపడతాయి. వాటికి మీటరుతో పని లేదు.

డీజిల్ వ్యాన్ అయితే డీపీఎఫ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీలాగా ఆగుతూ పోయే పని చేసేవారికి ఎక్కువ ఖర్చు తెచ్చేది అదే. పొగగొట్టంలో ఉండే ఈ వడపోత ఇంజను వదిలే మసిని పట్టి ఉంచుతుంది. నిండినప్పుడు ఇంజను అదనపు ఇంధనం పంపి దాన్ని సుమారు 600 డిగ్రీల వేడికి తెచ్చి మసిని కాల్చేస్తుంది. ఆ పని పూర్తికావాలంటే కొంతసేపు ఆగకుండా నడవాలి. మధ్యలో ఇంజను ఆపేస్తే మసి మిగులుతుంది, మళ్లీ మళ్లీ అలా జరిగితే వడపోత మూసుకుపోతుంది. కాలని ఇంధనం కిందికి జారి ఆయిల్‌లో కలిసి, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ మట్టం పెరిగిన వ్యాన్ చూసి సంతోషించకండి. కొందరు డీపీఎఫ్ లోపలిది తీసేసి ఖాళీ డబ్బా బిగిస్తారు. ఇది చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, తనిఖీలో దొరికితే మళ్లీ బిగించే ఖర్చు మీదే. పొగగొట్టం లోపలి అంచు వేలితో తుడిచి చూడండి. డీపీఎఫ్ పనిచేస్తున్న వ్యాన్‌లో అక్కడ నల్లటి మసి పేరుకోదు. కొత్త డీజిల్ వ్యాన్ కొన్నా ఈ సమస్య తప్పదు, మీ దారే అలాంటిది కాబట్టి. మీ 90 కిలోమీటర్లలో ఆగకుండా పోయే భాగం ఒక అరగంటైనా లేకపోతే డీజిల్ గురించి మళ్లీ ఆలోచించండి.

ఎలక్ట్రిక్ వ్యాన్ మీ దూరానికి సరిపోతుంది, రాత్రికి ఛార్జింగ్ పెట్టుకునే చోటు మీదే అయితే. ఆగుతూ పోయే పని దానికి ఇష్టమైన పని, ప్రతి బ్రేకులో కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. పాతది కొంటే మాత్రం బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో కంప్యూటర్ పెట్టి తీసిన నివేదిక అడగండి. డ్యాష్‌బోర్డు చూపే దూరాన్ని నమ్మకండి, అది నిన్నటి డ్రైవరు నడిపిన తీరును బట్టి మారుతుంది. చాలా తయారీదారులు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, 70 శాతం సామర్థ్యం వరకు హామీ ఇస్తారు. కొనేనాటికి అందులో ఎంత మిగిలిందో ధరలో కనిపించాలి.

ఇక పాతది చూడటానికి వెళ్లినప్పుడు. ఫోను చేసినప్పుడే చెప్పండి, నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజను మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే అడగవలసిన ప్రశ్న ఒకటి పెరిగింది. చలి మీద స్టార్ట్ కావడం కష్టమయ్యే ఇంజను వేడి మీద ఎంతో మర్యాదగా ఉంటుంది. స్టార్ట్ చేస్తే వచ్చే పొగ చూడండి. నీలం రంగు ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిల్ తాగుతోంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్లటి దట్టమైన పొగ, అందులో తీపి వాసన ఉంటే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగం కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లపొగ వస్తే గాలి, ఇంధనం పాళ్లు తప్పాయి: ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టరో, టర్బో గొట్టంలో చీలికో. చలి ఉదయం మొదటి నిమిషంలో కనిపించే పలుచటి ఆవిరికి కంగారు పడకండి.

ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. మూత కాస్త వణికితే ఫరవాలేదు. ఎగిరిపడుతూ, లోపలి నుంచి పొగ తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. మూత లోపలి వైపు మజ్జిగ రంగు జిగురు ఉంటే ఆయిల్‌లో నీరు చేరింది. అయితే చిన్న చిన్న దూరాలే తిరిగే వ్యాన్లలో తేమ వల్ల కూడా పలుచగా అది కనిపిస్తుంది, డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉంటేనే గట్టిగా అనుమానించండి. రేడియేటర్ మూత మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడి మీద తీసి మొహం కాల్చుకున్నవారిని చూశాను.

కిలోమీటర్లు చెప్పే మీటరు గురించి నాకు పెద్ద గౌరవం లేదు. డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడం చిన్న పరికరంతో అయిపోతుంది. డ్రైవరు సీటు తలుపు వైపు అంచు, స్టీరింగ్ మీద చేతులుండే చోటు, క్లచ్ పెడల్ రబ్బరు, ఎక్కే మెట్టు, వీటిని మార్చాలని సాధారణంగా ఎవరికీ తోచదు. 60,000 అని మీటరు చెబుతుంటే పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉండకూడదు. వ్యాన్‌లో మరో సాక్షి ఉంది, పక్కకు జరిగే తలుపు. రోజుకు 100 చోట్ల ఆగే డెలివరీ వ్యాన్‌లో ఏడాదికి 300 రోజులకు ఆ తలుపు 30,000 సార్లు తెరుచుకుంటుంది. చక్రాలు అరిగి, పట్టా వంగి, తలుపు వెనక భాగం కిందికి జారి ఉంటుంది. సాఫీగా జరిగే తలుపు, గట్టిగా ఉన్న డ్రైవరు సీటు, తక్కువ కిలోమీటర్ల మీటరు, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. కొన్ని మోడళ్లలో దూరం డ్యాష్‌బోర్డులోనే కాక ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదవుతుంది. మంచి స్కానర్ ఉన్న మెకానిక్ వాటిని పోల్చి చూడగలడు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపే మోడల్ అయితే ఇంకా మంచిది. నిలబెట్టి ఇంజను ఆపకుండా ఉంచే పని చేసిన వ్యాన్లు, ముఖ్యంగా ఇంజను శక్తితోనే చల్లదనం ఇచ్చే శీతల వ్యాన్లు, మీటరు చూపేదానికంటే చాలా ఎక్కువ అరిగి ఉంటాయి. నిలబడి తిరిగిన ఒక గంటను సుమారు 50 కిలోమీటర్లుగా పట్టుకోవడం వ్యాన్లు నడిపే సంస్థల్లో ఉన్న మోటు లెక్క.

స్కానర్ పెట్టించినప్పుడు లోపాల కోడ్‌లు ఏవీ లేవని వస్తే అక్కడితో ఆగకండి. అమ్మే ముందు రోజు కోడ్‌లు చెరిపేసి ఉండవచ్చు. చెరిపినప్పుడు వ్యాన్ తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ పరీక్షలు కూడా మొదటికి వస్తాయి. అవి ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపితే ఎందుకో అడగండి. బ్యాటరీ మార్చామన్న జవాబు వస్తే కొత్త బ్యాటరీ ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

అతిబరువు మోసిన వ్యాన్‌ను గుర్తించడం కారు కొనే అలవాటున్నవారికి తెలియదు. ఖాళీ వ్యాన్‌ను చదునైన చోట నిలిపి దూరం నుంచి పక్కగా చూడండి. వెనక భాగం కిందికి కూర్చుని ఉంటే వెనక కమాన్లు, అంటే లీఫ్ స్ప్రింగులు, అలసిపోయాయి. వంగి కింద చూస్తే యాక్సిల్ పైన రబ్బరు దిమ్మెలు ఉంటాయి, అవి నలిగి మెరుస్తుంటే బరువుతో పదేపదే కొట్టుకున్నాయి. కమాన్లు బిగించిన చోట చాసిస్ మీద కొత్త వెల్డింగ్ కనిపిస్తే బేరం ఆపేయండి. సరుకు పెట్టే చోట నేల పలక ఎత్తి చూడనిస్తే చూడండి, కిందే తుప్పు ఉంటుంది. చక్రాల పైన లోపలి వంపు భాగంలో, తలుపుల కింది అంచుల్లో స్క్రూడ్రైవరు పిడితో తట్టండి, మెత్తటి చప్పుడు వస్తే పెయింటు కింద పుట్టీ ఉంది. ఇంజను మార్చవచ్చు, గేరు బాక్సు మార్చవచ్చు. తుప్పు తిన్న చాసిస్‌ను బాగుచేయడం డబ్బు దండగ.

ప్రమాదం జరిగిందా అన్నది మడ్‌గార్డులు, బానెట్ బిగించే బోల్టుల తలల మీద రంగు పగిలిందా అని చూస్తే కొంత తెలుస్తుంది. టైరు పక్క మీద అచ్చైన తయారీ తేదీలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ వేర్వేరు తేదీలవైతే ఏమీ కాదు, గాడులు లోతుగా ఉండి తేదీ మాత్రం పదేళ్ల నాటిదైతే ఆ టైర్లు లేవనే అనుకోండి. వ్యాన్ వరదలో మునిగిందేమో తెలియాలంటే సీటుబెల్టును చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉన్న భాగంలో మట్టి గీత ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు. లోపల అత్తరు వాసన మరీ ఎక్కువగా ఉన్నా నాకు నచ్చదు.

కాగితాల విషయంలో స్టాంపులున్న సర్వీసు పుస్తకంకంటే మామూలు బిల్లులు నమ్మదగినవి. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం ఉంటాయి, వరసగా పెడితే మీటరు కథ కూడా తేలుతుంది. చాసిస్ నంబరు సాధారణంగా 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. వ్యాన్ మీద చెక్కినదీ, పలక మీదున్నదీ, కాగితాల మీదున్నదీ ఒకటే కావాలి. ఆ నంబరుతోనే తయారీదారు వెనక్కి పిలిచిన మరమ్మతులు మిగిలి ఉన్నాయేమో కనుక్కోవచ్చు, ఇవి సాధారణంగా ఉచితం. టకాటా ఎయిర్‌బ్యాగుల ఉదంతం గుర్తుండే ఉంటుంది. వేడికి, తేమకు అందులోని రసాయనం చెడి, ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో వాటిని మార్చవలసి వచ్చింది. పాత వాహనాల్లో మార్చనివి ఇంకా ఉంటాయి. వ్యాన్ మీద పాత ఓనరు అప్పు తీరిందా అన్నది డబ్బు చేతులు మారకముందే తేల్చుకోండి.

ఇంత చూసినా, కొనే ముందు అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌కు రుసుము ఇచ్చి లిఫ్టు మీద పెట్టించండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. మీకు నచ్చిన మెకానిక్ అయితే మరీ మంచిది, రేపు బాగుచేయవలసింది అతనే కాబట్టి అబద్ధం చెప్పడు.

కొత్త వ్యాన్‌లో చూడవలసినవి ఇంతకంటే తక్కువ, అయినా కొన్ని ఉన్నాయి. అప్పుడే విడుదలైన మోడల్ మొదటి ఏడాది వ్యాన్ కొనకండి, ఆ ఏడాది లోపాలు కనిపెట్టే పని ఓనర్ల మీద పడుతుంది. వారంటీలో ఏళ్లతోపాటు కిలోమీటర్ల హద్దు ఉంటుంది. మూడేళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు అని రాసి ఉంటే మీ తిరుగుడుకు మూడేళ్లు పూర్తయ్యేలోపు 81,000 అవుతుంది, పరవాలేదు. 60,000 హద్దు అయితే మూడో ఏడాది మొదట్లోనే వారంటీ ముగిసిపోతుంది. క్లచ్, బ్రేకు ప్యాడ్లు, టైర్లు సాధారణంగా అందులో ఉండవు. వారంటీ మరమ్మతు ఖర్చు ఇస్తుంది, వ్యాన్ ఆగిన రోజులకు పరిహారం చాలాసార్లు ఇవ్వదు. బదులు వ్యాన్ ఇస్తారా అని కొనే ముందే రాతపూర్వకంగా అడగండి. మీ పని తీరుకు నన్నడిగితే, ధరలో చిన్న తగ్గింపుకంటే ఆ ఒక్క వాక్యం విలువైనది.

కొత్తదైనా పాతదైనా సరుకు బరువు లెక్క ముందే వేయండి. మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ వ్యాన్ బరువు తీసేస్తే మిగిలేది. 3,500 కిలోల వ్యాన్ ఖాళీ బరువు 2,100 అయితే 1,400 మిగిలిందని సరుకు లెక్క వేయకూడదు, సహాయకుడు, ర్యాకులు, తోపుడు బండి అన్నీ అందులోంచే పోవాలి. పైకప్పు ఎత్తుగా ఉన్నది తీసుకుంటే చోటు పెరుగుతుంది, మోయగల బరువు తగ్గుతుంది. పాత వ్యాన్‌లో ఎవరో బిగించిన చెక్క అరలు చూసి బాగుందనుకునే ముందు వాటి బరువు అడగండి.

డబ్బు గురించి ఒక్క మాట. వాయిదా ప్రతినెలా ఒకే రోజు వస్తుంది, వ్యాపారం మందగించిన నెలలో కూడా. పాత వ్యాన్ మరమ్మతు ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే పెద్దగా వస్తుంది. రెండింటిలో దేనితో మీరు నిద్రపోగలరో మీకే తెలుసు. కానీ చేతిలో ఉన్నదంతా పెట్టి పాతది కొనడం మాత్రం వద్దు. కొన్న ధరలో 15 శాతమైనా పక్కన ఉంచుకోలేకపోతే ఇంకా చవకైనదానికి దిగండి, లేదా కొంచెం అప్పు చేయండి. అప్పు చేస్తే గడువు వ్యాన్ ఉపయోగపడే కాలం కంటే పొడవుగా ఉండకూడదు. అమ్మేసిన వ్యాన్‌కు వాయిదాలు కట్టడం కంటే చేదు పని లేదు.

మీ విషయంలో నా తీర్పు: ఒకే వ్యాన్, రోజూ తప్పని డెలివరీలు, ఏడాదికి 27,000 కిలోమీటర్లు, కాబట్టి అయిదేళ్ల వ్యాన్ కొనవద్దు. నగదులోంచి రిజర్వు తీసి, కొత్తదాని కంటే చిన్న అప్పుతో, రెండు మూడేళ్ల వయసున్న, కాగితాలు పూర్తిగా ఉన్న, ఎక్కువమంది నడిపే మోడల్ వెతకండి. రెండు నెలల్లో అలాంటిది దొరకకపోతే కొత్తదే తీసుకోండి. మీరు వ్యాన్ ఆగిన రోజు నష్టం వేసి చూసి, అది కొత్త ధరలో అర శాతం కూడా కాకపోతే నా తీర్పు పక్కన పెట్టి పాతదానికే వెళ్లండి.

పాతది కొన్నారంటే మొదటి వారంలోనే ఇంజను ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించండి, గేరు ఆయిల్ తనిఖీ చేయించండి. టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ) మార్చినట్లు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజను మొత్తం పోతుంది. బెల్టుతోపాటు వాటర్ పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా మార్పించండి, ఒకసారి విప్పాక కూలీ అదే. బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజన్లు కొన్ని ఉన్నాయి. వాటికి తయారీదారు చెప్పిన రకం ఆయిల్ తప్ప వేరేది పోస్తే బెల్టు పొరలు ఊడి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. పాత ఓనరు ఏ ఆయిల్ వాడాడో బిల్లులో చూడండి. మీరు చూస్తున్న మోడల్ పేరు, తయారైన ఏడాది రాస్తే అందులో ఏ రకం బెల్టు ఉందో చెబుతాను.